అంగారకపేటకు పిడికెడు బియ్యం

బందరు,
9-7-1962

అక్కకు ఏసుబాబు వందనాలు.

ఇక్కడ అందరం కులాసా. మీ మరదలు ప్రేమమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. నా మీద విసుగు మాత్రం తగ్గలేదు. దానికి మందు లేదని డాక్టరుగారే చెప్పాడు.

నీకు ఒక ముఖ్యమైన సంగతి రాయాలి. నిన్న నీ కూతురు ప్రభావతి గుడివాడ నుంచి వచ్చి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది. ఆ పిల్ల బెజవాడ రేడియోకి జనవరి నుంచి వారం వారం రాస్తోందని నీకు తెలుసుగా. 'అంగారకపేట' అని. అది ఇంకో ఏడాది రాసిపెట్టమని రేడియో వాళ్ళు ఉత్తరం పంపారు. నేను ఎగిరి గంతేశాను. ఇది మాత్రం, "అమ్మ ఇంతవరకూ ఒక్క వారం కూడా వినలేదు మావయ్యా. అమ్మకి చెప్పుకోలేని పని నేను చెయ్యను. అమ్మ విని, సరే అంటేనే రాస్తాను. లేకపోతే ఆగస్టు రెండో శనివారంతో ఆఖరు" అనేసింది. ఆ మొండితనం ఎవరిదో నేను చెప్పక్కర్లేదు. అద్దంలో చూసుకో.

కాబట్టి అక్కా, నువ్వు వినాలి. విని, ఎలా ఉందో నీ చేత్తో నాకు రాయాలి.

ఇందులో నీకు తెలియని గొప్ప ఒకటుంది. శనివారం సాయంత్రం అయ్యేసరికి మా వసారాలో చెప్పులు విడవడానికి చోటుండదు. మా తాలూకా ఆఫీసులో హెడ్డుగుమస్తా దగ్గర నుంచి బంట్రోతు దాకా సోమవారం ఉదయం ఇదే మాట. "మీ మేనకోడలు ఈ వారం ఏం చేసిందండీ!" అంటుంటే నేను తల ఎత్తి, కాస్త ఇబ్బందిగా నవ్వుతాను. ఆ ఇబ్బంది అంతా నటనే. లోపల నా కాలు నేలమీద నిలవడం లేదు. పేటలో పుట్టిన పిల్ల, దీపం బుడ్డి కింద చదివిన పిల్ల, ఇవాళ ఇన్ని ఊళ్ళను ఒక గంటకు కట్టేసి కూర్చోబెడుతోంది.

ఇక ఎలా వినాలో చెబుతాను. దీంట్లో నాకు అనుభవం ఉంది, మా వీధిలో సగం మందికి అలవాటు చేసింది నేనే. కొత్తవాళ్ళు చేసే తప్పు మొదటి నుంచీ కావాలనడం. మొదటి వారాలు నిజంగానే పాఠంలా ఉంటాయి, ప్రభావతికి అప్పటికి చెయ్యి తిరగలేదు. గ్రహం ఎంత దూరం, చలి ఎంత, ఇదే. మా పక్కింటి లెక్కల మేష్టారు శివరామయ్యగారు పట్టుబట్టి మొదటి నుంచీ విని, రెండో వారానికే నిద్రపోయారు. నువ్వు సరాసరి ఇప్పటి నుంచి మొదలుపెట్టు. మంచి పట్టులో ఉంది.

ఇంతకీ అది ఎలాంటిది అని అడక్కు. కార్యక్రమం. అంతే.

నీ జవాబు కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తూ,
నీ తమ్ముడు ఏసుబాబు


నాగాయలంక,
13-7-1962

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి అక్క మార్తమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. ప్రేమమ్మను ఆముదం కాచి పట్టీ వెయ్యమను. నీ మీద విసుగుకు నా దగ్గర మందుంది, ఆదివారం పేకాట మానెయ్యి.

నడిమిలోంచి మొదలుపెట్టమంటావేమిరా? ఇరవై ఏళ్ళుగా ఊళ్ళ వెంట తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెబుతున్నాను, ఒక్కరికైనా నడిమి పేజీ తీసి ఇవ్వలేదు. ఇల్లు కట్టేవాడు పునాది మానేసి దూలం ఎత్తుతాడా? మొదటి వారాలన్నీ కాగితం మీద రాసి పంపమని ప్రభావతికి చెప్పు.

ఇంకో మాట. రేడియోలో సినిమా పాటలూ నాటకాలూ వస్తాయని విన్నాను. నాటకం నా చెవిన పడనివ్వను. నా పెళ్ళినాడు నాన్నకు ఇచ్చిన మాట అది, ఇంతవరకూ తప్పలేదు. నిరుడు నాటకాలవాళ్ళు ఇక్కడ డేరా వేసినప్పుడు పేట మొగలో, దారికి అడ్డంగా నేనే నిలబడ్డాను. ఒక్క ఆడది నన్ను దాటి వెళ్ళలేదు. పాస్టరు ప్రకాశరావుగారు ఆ సంగతి ఆరాధనలో చెప్పి మెచ్చుకున్నారు.

ప్రభావతి రాసేది సైన్సు అని తనే నాకు రాసింది గనుక వస్తాను. ఇక్కడ పంచాయతీ ఆఫీసు అరుగు మీద రేడియో ఉంది. గుమస్తా నరసింహం బ్యాటరీ అయిపోతుందని వడ్ల ధరలు చెప్పే వేళకు పెట్టి, ఠక్కున కట్టేస్తాడు. అతనితో మాట్లాడతాను. మన స్త్రీల సమాజం వాళ్ళను కూడా తీసుకెళ్తాను. నా కూతురు చెప్పే సైన్సు వాళ్ళూ వింటే మంచిదే.

పిల్ల వేళకు తింటోందా? నాకు రాసేటప్పుడు అంతా బాగుందనే రాస్తుంది. నువ్వు నిజం రాయి.

నీ అక్క,
మార్తమ్మ


బందరు,
17-7-1962

అక్కా,

నీ ఉత్తరం చూసి ఒక పూట నీళ్ళు నమిలాను. తర్వాత ధైర్యం తెచ్చుకున్నాను.

మొదటి వారాలు రాసి పంపమనడం కుదరదు. ప్రభావతికి పరీక్ష పేపర్లు దిద్దే పని ఉంది. తిండి సంగతి అడిగావు, తింటోంది, నేను చూశాను, ప్రేమమ్మ చేసిన రొయ్యల కూర గిన్నె ఊడ్చింది. నాటకాల సంగతి మనం కలిసినప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం.

నీకు తెలియాల్సింది ఎవరెవరు ఎక్కడున్నారో అంతే. వెనక ఏం జరిగిందని అడిగేవాళ్ళు ముందు జరిగేది పోగొట్టుకుంటారు. విను. మనవాళ్ళు కొన్ని కుటుంబాలు అంగారకుడి మీద పేట వేసుకున్నారు. పైన గాజు కప్పు, కప్పు కింద గాలి, చేలు. దూరాన ఎక్కడో మంచు కరిగితే ఆ నీళ్ళు కాలువ మీద వస్తాయి. ఆ కాలువ లాకు దగ్గర లస్కరు దానయ్యగారు. ఆయన తలుపు ఎత్తితేనే పేటకు నీళ్ళు. ప్రెసిడెంటు సుందరమ్మగారు మాట కరుకు, మనసు మెత్తన. ఇప్పుడు ఇసుక తుఫాను వచ్చి లాకు పూడిపోయేలా ఉంది. పోయిన శనివారం దానయ్యగారు వీపున గాలి సంచీ కట్టుకుని గాజు కప్పు దాటి వెళ్ళారు. ఇంకా తిరిగి రాలేదు. నాకు ఆఫీసులో పని మీద మనసు నిలవడం లేదు.

అంగారకుడి మీద గాలి ఎంత, నీళ్ళు ఎక్కడివి అని వాదనకు దిగకు. అది శివరామయ్యగారి పని. ఆయన ప్రతి శనివారం కాగితం, పెన్సిలూ తెచ్చుకుని తప్పులు పట్టడానికే కూర్చుంటారు. పోయిన వారం దానయ్యగారు వెళ్తుంటే పెన్సిలు కింద పెట్టి కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. అడిగితే నలుసు పడిందన్నారు.

ఒక్కదానివే వినకు. పదిమందిలో విను. ఇరవై ఒకటో తారీఖు, శనివారం. రైతుల కార్యక్రమం అయ్యాక.

ఆత్రంగా,
ఏసుబాబు


నాగాయలంక,
23-7-1962

తమ్ముడూ,

వందనాలు రాసే ఓపిక కూడా లేదు. ముందు సంగతి చెబుతాను.

శనివారం వెళ్ళాం. సమాజం ఆడవాళ్ళంతా నా వెనకే వచ్చారు. నరసింహం ఆలస్యంగా పెట్టాడు, అప్పటికే మొదలైపోయింది. "అంగారకపేట కేంద్రం, వార్తలు" అని ఒకాయన చదువుతున్నాడు. తుఫాను ఆగలేదట. దానయ్యగారు లాకు కొట్టంలో చిక్కుకున్నారట. తలుపు సగం లేచి బిగుసుకుపోయిందట. ఆయన వైర్లెస్సులో మాట్లాడుతుంటే మధ్యలో గాలి హోరు. సంచీలో గాలి తగ్గుతోందని సుందరమ్మగారు వెనక్కి వచ్చెయ్యమంటే, "శివారు చేలకి ఇంకా నీళ్ళు అందలేదండీ" అన్నాడు. అక్కడికి వచ్చేసరికి నరసింహం కట్టేశాడు. మేం ఎవరం లేవలేకపోయాం.

ఒరేయ్, మనవాళ్ళు అంత దూరం వెళ్ళారని నాకు ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదేం? ఆ రష్యావాళ్ళు భూమి చుట్టూ తిరిగి వచ్చారని నువ్వే ఆనాడు రాశావు. మనవాళ్ళ సంగతి దాచావు. ప్రభావతికి ఈ కబుర్లన్నీ ముందుగా తెలుస్తాయంటే అది ఎంత పెద్ద ఉద్యోగమో నాకు ఇప్పుడు అర్థమైంది.

ఇంకొకటి అడగాలి. ఆ దానయ్య తలుపు ఎత్తబోయే ముందు అరచేత్తో దాని మీద తట్టి, "లేమ్మా, లే తల్లీ" అన్నాడు. తట్టిన చప్పుడు కూడా వినిపించింది. పోయిన మీ బావ మన లాకు తలుపు ఎత్తే ముందు అచ్చంగా అలాగే అనేవాడు. ఆయన చేతి కింద పని నేర్చుకున్న కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో ఒకడై ఉంటాడు. ఎవరి అబ్బాయో కనుక్కుని రాయి. తల్లి ఉంటే వెళ్ళి పలకరించి వస్తాను.

నిన్న ఆరాధనలో ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు చీటీ రాసి ఇచ్చాను. "అంగారకపేటలో గాలి, నీళ్ళు లేక చిక్కుకున్న దానయ్య, ఆ పేట కుటుంబాల నిమిత్తం." పాస్టరుగారు చదివి, సంఘమంతటితో మోకరించి ప్రార్థన చేశారు. ఆడవాళ్ళు ఏడ్చారు. ఆరాధన అయ్యాక, వాళ్ళకు తిండిగింజలు అందుతున్నాయో లేదోనని ఆయనే అన్నారు. ఈ వారం పిడికెడు బియ్యం అంతా అంగారకపేటకే అని తీర్మానం చేశాం. వండే ప్రతిసారీ ఒక పిడికెడు కుండలో వేస్తున్నాం. రెండు గంపలు నిండేలా ఉంది.

ప్రభావతికి చెప్పు, అమ్మ విన్నదని. అమ్మకు నిద్ర పట్టడం లేదని కూడా చెప్పు.

ఆదుర్దాతో,
మార్తమ్మ


బందరు,
26-7-1962

నా బంగారు అక్కకు,

నీ ఉత్తరం వసారాలో అందరి ముందూ చదివాను. చప్పట్లు కొట్టారు! శివరామయ్యగారు, "మీ అక్కగారి ముందు మనమంతా పసివాళ్ళమండీ, ఆవిడ ఒక్క వారంలో అంగారకపేట మనిషైపోయారు" అన్నారు. దానయ్య ఎవరి అబ్బాయో కనుక్కోమని నువ్వు రాసిన మాటకు ప్రేమమ్మ కూడా నవ్వింది. నీలో ఈ చమత్కారం ఇన్నేళ్ళూ ఎక్కడ దాచావు?

ప్రార్థన పెట్టించడం మహా బాగుంది. ఆ బియ్యం గంపల్లో మా వంతు కూడా ఒక కుంచెడు వెయ్యి, వచ్చినప్పుడు ఇస్తాను. సంచీ మీద నా పేరు రాయడం మరిచిపోకు, దానయ్యగారు ఎవరు పంపారని అడుగుతారు.

నీ ఉత్తరం ఆ రాత్రి బస్సులోనే గుడివాడ పంపాను. ప్రభావతి నాకు రెండే ముక్కలు రాసింది. "అమ్మ విన్నది. అమ్మ గుర్తుపట్టింది. నాకు ఇంకేమీ అక్కర్లేదు మావయ్యా." ఆ కార్డు మీద ఒకచోట సిరా చెదిరింది. రేడియో వాళ్ళకు ఒప్పుకుంటూ ఉత్తరం రాయబోతోందట.

చూశావా, నడిమిలోంచి మొదలుపెట్టమంటే నా మీద కోప్పడ్డావు. ఇప్పుడేమంటావు?

గర్వంతో ఉబ్బిపోతూ,
నీ తమ్ముడు


నాగాయలంక,
1-8-1962

ఏసుబాబుకు,

నువ్వూ నీ మేనకోడలూ కలిసి నా పరువు కాలువలో కలిపారు.

శనివారం బ్యాటరీ అయిపోయిందని నరసింహం రేడియో పెట్టలేదు. ఆదివారం బియ్యం రెండు గంపలు గుడి వాకిట్లో పెట్టాం. నీ పేరు రాసిన సంచీ పైన పెట్టాను. పాస్టరుగారు అంగారకపేట అంటే హంసలదీవి అవతల కొత్తగా వెలసిన ఏదో లంక అనుకున్నారు. నదికి వరద వచ్చి అక్కడివాళ్ళు చిక్కుకున్నారనుకున్నారు. పడవ కూడా మాట్లాడారు. పడవవాడు ఆ పేరు ఎప్పుడూ వినలేదంటే, పంచాయతీ నరసింహాన్ని పిలిపించి, "ఏ రేవులో దిగితే దగ్గరండీ?" అని అడిగారు.

నరసింహం నవ్విన నవ్వుకు కళ్ళజోడు కింద పడింది. "అది రేడియో నాటకమండీ! గుడివాడ పంతులమ్మగారు రాస్తున్నారు. మన మార్తమ్మగారి అమ్మాయే కదండీ, ఆవిడకి తెలీదా?" అన్నాడు. సంఘమంతా నా మొహం చూసింది.

నిరుడు పేట మొగలో నిలబడి ఏ ఆడవాళ్ళను నాటకానికి వెళ్ళకుండా ఆపానో, ఆ ఆడవాళ్ళనే వెంటబెట్టుకుని నాటకానికి తీసుకెళ్ళాను. లేని మనిషి కోసం సంఘాన్ని మోకాళ్ళ మీద నిలబెట్టాను. బిడ్డల నోటి దగ్గర పిడికెడు తీసి కుండలో వేయించాను. తలకాయ ఎక్కడ పెట్టుకోను?

నువ్వు నడిమిలోంచి వినమన్నది అందుకే. మొదట వింటే ఏమిటో తెలిసిపోతుందని. నాటకం అన్న ఒక్క ముక్క నాకు రాయలేకపోయావు. అది కూడా, కన్నకూతురు, సైన్సు అని రాసింది. నాకు తెలిస్తే వద్దంటానని భయపడ్డారు. వద్దంటే వద్దన్నానని రాసుకునేవాళ్ళం, తిట్టుకునేవాళ్ళం. ఇలా నవ్వులపాలు చెయ్యడం దేనికి?

కొన్నాళ్ళు నాకు ఉత్తరం రాయకు.

మార్తమ్మ


బందరు,
6-8-1962

అక్కా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చించెయ్యాలనిపిస్తే చివరిదాకా చదివి చించెయ్యి.

తప్పు నాదే. "నాటకమని చెబితే అక్క వినదు, ముందు విననీ, తర్వాత చెబుదాం" అన్నది నేను. ప్రభావతి మొదటి నుంచీ చెప్పేద్దామనే అంది. నీ ఉత్తరంలో ప్రతి మాటా నిజంగా రాశావని నాకు తట్టలేదు. నేను ఆ పేట మనుషుల గురించి నిజం మనుషుల్లా మాట్లాడీ మాట్లాడీ, నువ్వూ నాలాగే మాట్లాడుతున్నావనుకున్నాను. ఇష్టమైనదాన్ని కొత్తవాళ్ళకు పరిచయం చెయ్యడంలో నన్ను మించినవాడు లేడని విర్రవీగాను. ఆ గర్వం దిగింది.

ప్రభావతి నీ ఉత్తరం చదివి ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఇక రాయలేనని రేడియోవాళ్ళకు ఉత్తరం రాసి, రిజిస్టరు చెయ్యమని నాకు ఇచ్చి వెళ్ళింది. అది నా బల్ల మీద ఉంది. వాళ్ళు ఇరవయ్యో తారీఖు దాకా గడువు ఇచ్చారు. అంతదాకా నేను పోస్టు చెయ్యను. నువ్వు చెయ్యమంటే మర్నాడే చేస్తాను.

ఒక్క సంగతి మాత్రం నీకు తెలియాలి. దానయ్య ఎవరి అబ్బాయని అడిగావు. ఎవరి అబ్బాయీ కాదు. ఆయన దానియేలు బావే. ప్రభావతి చిన్నప్పుడు లాకు దగ్గరికి అన్నం క్యారియరు మోసుకెళ్ళేది, గుర్తుందా? ఎగువ చేల ఆసామి సైకిలు దిగి హుకుం చేస్తే బావ తలుపు ఎత్తేవాడు. మన పేటవాళ్ళ చేలు శివారున, కాలువ ఆఖరున ఉండేవి. నీళ్ళు అక్కడికి వచ్చేసరికి నాట్లు ఎండేవి. మనవాళ్ళే వచ్చి, "నీ చేతిలో తలుపుండి మాకు నీళ్ళు లేవేం దానియేలూ?" అని అడిగేవాళ్ళు. ఆయన తలవంచుకునేవాడు. అది చూసిన పిల్ల అది. మొన్న నాతో అన్నది, "నాన్న చేతిలో తలుపు ఉంది గానీ నోట్లో మాట లేదు మావయ్యా. అక్కడ మాట కూడా ఇచ్చాను." అంగారకపేటలో శివారు చేలకే ముందు నీళ్ళు. అది దానయ్య పెట్టిన పద్ధతి. దాని కోసమే ఆయన తుఫానులోకి వెళ్ళాడు.

పదకొండో తారీఖు శనివారం ఆఖరు వారం. అది ముందే రాసి ఇచ్చేసింది. వినమని అడగను. ఇది నాటకం అక్కా. నాటకం, నాటకం. మూడుసార్లు రాశాను.

నీ తమ్ముడు,
ఏసుబాబు


నాగాయలంక,
14-8-1962

ప్రభువునందు ప్రియమైన నా తమ్ముడు ఏసుబాబుకు, మార్తమ్మ అనేక దీవెనలతో రాసేది.

నీ ఉత్తరం గురువారం వచ్చింది. చించలేదు. రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్ళు కనపడక ఆపేశాను.

ముందు బియ్యం సంగతి. గంపలు ఇళ్ళకు తిరిగి మోయించడం నాకు ఇష్టం లేకపోయింది. కానుక కుండలో పడింది మళ్ళీ అన్నం కుండలో పడకూడదు. పాస్టరుగారూ అదే అన్నారు. హంసలదీవి వైపు పల్లెకారుల గుడిసెల్లోకి నిజంగానే వరద నీళ్ళు వచ్చాయని తెలిసి, మాట్లాడిన పడవలోనే పంపించారు. పడవవాడు దించేటప్పుడు, "అంగారకపేట బియ్యం" అని చెప్పాడట. వాళ్ళిప్పుడు అదెక్కడో మంచి ఊరు అనుకుంటున్నారు. నేను దిద్దబోలేదు. నీ పేరున్న సంచీ కూడా వెళ్ళింది, నువ్వు నాకు కుంచెడు బియ్యం ఇవ్వాలి.

ఇక ఆడవాళ్ళు. నన్ను చూసి నవ్వుతారని పది రోజులు గుడికి తప్ప గుమ్మం దాటలేదు, మధ్యలో శనివారం అరుగు దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. శుక్రవారం సరోజ వచ్చింది, మా వెనకింటి కోడలు. నసుగుతూ నిలబడి, "అత్తా, నాటకమైతే అయ్యింది గానీ, దానయ్య బతికాడా?" అని అడిగింది. దాని వెనక ఇంకో నలుగురు. సాయంత్రానికి పాస్టరుగారు సైకిలు దిగారు. వేరే ఏదేదో మాట్లాడి, వెళ్ళబోతూ, "మనం ప్రార్థన చేసిన మనిషి సంగతి కనుక్కోవాలి కదండీ మార్తమ్మగారూ" అన్నారు.

నేను ఆలోచించాను. నాన్నకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. నాన్న వద్దన్నది మనుషుల్ని పాడుచేసే ఆటలు. ఈ ఆట మన పేట చేత పిడికెడు బియ్యం తీయించింది. దేవుడి దగ్గర నాన్న కనబడితే ఈ సంగతి నేనే చెప్పుకుంటాను, నువ్వు మధ్యలో రావద్దు.

శనివారం పేటకు పేట పంచాయతీ అరుగు దగ్గర ఉంది. నరసింహం ఎంత మంచివాడో చూడు, ముందుగానే పెట్టి, బ్యాటరీ పోతే పోనిమ్మన్నాడు, నాకు కుర్చీ వేశాడు. మొదటిసారిగా మొదలు విన్నాను. "అంగారకపేట. రచన, పి. ప్రభావతి, గుడివాడ" అన్నది రేడియోలో అమ్మాయి. తమ్ముడూ, దాని పేరు అలా గాలిలోంచి వచ్చింది. కాలువ మీద పడవల్లో వాళ్ళు కూడా విని ఉంటారు. దాన్ని కన్నప్పుడు నాకు అంత సంతోషం కలగలేదని చెబితే నువ్వు నమ్మవు, అప్పుడు నొప్పులతో ఉన్నాను. ఇప్పుడు తీరిగ్గా సంతోషించాను.

దానయ్య తలుపు మీద తట్టాడు. "లేమ్మా, లే తల్లీ." తలుపు లేచింది. నీళ్ళ చప్పుడు వచ్చింది. ముందు ఎవరి చేలకి అని సుందరమ్మ అడిగితే, "ఆఖరివాళ్ళకి ముందండీ, అదే ఇక్కడి పద్ధతి" అన్నాడు. ఎంత గట్టిగా అన్నాడు! మీ బావ ఒక్కసారైనా ఆ మాట అంత గట్టిగా అనాలని ఎంత ఏడ్చేవాడో నాకు తెలుసు. మొగుడు లాకు మీద ఉండి కూడా మన చేలు ఎండుతుంటే మన వాళ్ళ మొహం చూడలేకపోయినదాన్ని నేను. అరుగు మీద ముసలి రైతులు ముక్కులు ఎగబీలుస్తున్నారు. అందరివీ శివారు చేలే.

ఆదివారం సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండంటే లేచాను. "నాటకమని తెలియక చీటీ రాశాను, ఆ తప్పు నాదే" అన్నాను. "కానీ ఆ దానయ్యను పుట్టించింది నా కూతురు. నా పెనిమిటి ఇక్కడ ఎత్తలేని తలను అది అక్కడ ఎత్తించింది. ఆ సంగతి మీ అందరికీ తెలియాలి" అన్నాను. నా ఎర్రకోడిపుంజును కృతజ్ఞత కానుకగా ఇచ్చాను. పాస్టరుగారు చీటీ చదివారు, ఒక్క అక్షరం మింగకుండా. "అంగారకపేట లస్కరు దానయ్య క్షేమంగా తిరిగి వచ్చినందుకు." సంఘమంతా ఆమెన్ అన్నది. ఈసారి అందరికీ తెలిసే అన్నారు.

ఆరాధన అయ్యాక పాస్టరుగారి భార్య వచ్చి, తను ఒక్క వారం కూడా వినలేదనీ, వచ్చే ఏడాది ఎలా మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగింది. నీ పద్ధతి చెప్పలేదులే. "మొదటి నుంచా, నడిమి నుంచా అని చూడకండి అమ్మగారూ. అది నాటకమని ముందు తెలుసుకోండి. తర్వాత అందులో ఒక్క మనిషి కోసం ప్రార్థన చేసి వచ్చి కూర్చోండి. మిగిలిందంతా దానంతట అదే తెలుస్తుంది" అని చెప్పాను. నీ వసారాలో వాళ్ళకు కూడా ఇదే చెప్పు. శివరామయ్యగారిని పెన్సిలు ఇంట్లో పెట్టి రమ్మను.

నీ బల్ల మీద ఉన్న ఉత్తరం పొయ్యిలో పెట్టు. ప్రేమమ్మను పెట్టమను, నువ్వు మళ్ళీ ఏదో తెలివి చూపిస్తావు. ప్రభావతిని రాయమను. ఒక ఏడాది కాదు, వాళ్ళు అడిగినన్నేళ్ళు రాయమను. అమ్మ విన్నది, గుర్తుపట్టింది, సరే అన్నది అని చెప్పు.

ఇంకొక్క మాట చెప్పు. వచ్చే ఏడాది దానయ్య భార్యను కూడా అక్కడికి తీసుకెళ్ళమను. ఆయన ఒక్కడే వండుకుంటున్నాడు, ఆయనకు ఉప్పు వెయ్యడం తెలియదు.

ఆయన భార్య,
మార్తమ్మ